ఒడ్డున మనిషి

సోమవారం పొద్దున పనిలోకి దిగేసరికి ఆస్టా కాస్క్ బల్ల మీద రెండు చుట్టల బిళ్ళలున్నాయి. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. ప్రసారమైన సినిమాల క్యాసెట్లకి ఆకుపచ్చ బిళ్ళ అంటించాలి. అవి కంప్యూటర్లోకి ఎక్కి బతికిపోతాయి. కోసి పారేసిన ముక్కలకీ, అడవుల్లోంచి వచ్చినవి వచ్చినట్టే పడి ఉన్న ముడి క్యాసెట్లకీ ఎర్ర బిళ్ళ. శుక్రవారం సాయంత్రం లారీ వచ్చి ఎర్రవాటిని ఎత్తుకుపోతుంది. ఎక్కడో మరలో వేసి పొడి చేస్తారట.

టొరంటోలో కింగ్ వీధి పడమటి కొసన ఉన్న ఆ ఇటుక మేడ నేలమాళిగలో ఆమె కూర్చోవడం మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. పైన నాలుగంతస్తుల్లో స్టిల్‌వాటర్ ఛానల్ ఉంది. రాత్రనక పగలనక సరస్సులు, చెట్లు, పక్షులు, మంచు. పెట్టిన కొత్తలో వాళ్ళ దగ్గరున్నవి మొత్తం తొమ్మిది గంటల బొమ్మలు. తొమ్మిదో గంట అయిపోగానే మళ్ళీ మొదటిది వేసేవాళ్ళు. అయినా జనం చూశారు. పళ్ళ డాక్టర్ల గదుల్లో, ఆస్పత్రుల్లో, కొత్త టీవీలమ్మే దుకాణాల్లో, ఒంటరి ముసలివాళ్ళ ఇళ్ళల్లో పొద్దస్తమానం అదే నడిచేది. ఛానల్ పెట్టిన పెద్దమనిషి నియమం ఒక్కటే: బొమ్మలో మనిషి కనబడకూడదు, చప్పుడులో మనిషి వినబడకూడదు. తెడ్డు చప్పుడు వినిపిస్తే ఆస్టా సినిమాలోంచి ఆ ముక్క కోసేది. చెట్ల వెనక పొగ లేస్తే కోసేది. ఎక్కడో పడవలో ఎవరో దగ్గితే, ఆ దగ్గు తీసేసి అక్కడ గాలి చప్పుడు అతికేది. అతుకు ఎవరికీ తెలిసేది కాదు. ఆ తర్వాత ఆయన ఛానల్ అమ్మేసుకుని వెళ్ళిపోయాడు. కొత్తవాళ్ళు వచ్చి ఎలుగుబంట్ల కొట్లాటలు పెట్టారు, ఒక బొంగురు గొంతాయన చేత వ్యాఖ్యానం చెప్పించారు. ఇప్పుడు పదేళ్ళ పండగకి అరగంట కార్యక్రమం తీస్తున్నారు, ఛానల్ చరిత్ర మీద. అందులో ఆస్టా కూడా కాసేపు కనిపిస్తుంది. పోయిన వారమే ఆమెని ఈ కుర్చీలోనే కూర్చోబెట్టి మాట్లాడించి తీసుకున్నారు. డిసెంబరులో ఆమెకి పదవీ విరమణ.

పదకొండు గంటలప్పుడు ఫోను మోగింది. ఎటు పంపాలో తెలియని ఫోన్లన్నీ పైవాళ్ళు కిందికి తోసేస్తారు.

"నా పేరు యూనిస్ వబూస్. సడ్‌బరీ నుంచి మాట్లాడుతున్నాను. మీరు నాలుగో మనిషి. మీరు కూడా ఇంకెవరికో ఇచ్చేట్టయితే ముందే చెప్పండి, నా కాఫీ చల్లారిపోతోంది."

"నా తర్వాత గోడే," అంది ఆస్టా.

అవతల చిన్న నవ్వు వినబడింది. "సరే, అయితే గోడ దాకా వచ్చాను. రెండు వేల సంవత్సరం ఆగస్టులో మీవాళ్ళు ముగ్గురు మా ఊరి సరస్సుకి వచ్చారు. సినిమా తియ్యడానికి. ఊరంటే ఊరు కాదనుకోండి, ఎండాకాలం మా అమ్మ వెళ్ళి ఉండే గుడిసె. రోడ్డు లేదు. మా అమ్మే వాళ్ళని పడవలో తీసుకెళ్ళింది. ఆరు రోజులున్నారు. వాళ్ళలో ఒకాయన తనని కూడా తీశాడని అమ్మ చెప్పేది."

"మీ అమ్మగారి పేరు?"

"సెరఫీన్. సెరఫీన్ వబూస్. మార్చిలో పోయింది." కాఫీ గుక్క మింగిన చప్పుడు. "ఫోటో అంటే చాలు, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. మా దగ్గరున్న ఫోటోలన్నిటిలోనూ ఆ చెయ్యే ఉంది. ఆవిడ కదులుతున్నది, నడుస్తున్నది, ఎక్కడా లేదు. నేను బడిలో వంట చేస్తాను. నిన్న అక్కడ టీవీలో మీ ఛానల్ వస్తుంటే మా సరస్సు చూశాను. మా రాయి, మా రేవు. అమ్మ లేదు. అంటే మీరు వేసిందాంట్లో లేదు. వెయ్యనిదాంట్లో ఉందేమోనని."

ఆస్టా కళ్ళు గోడవారగా పేర్చిన ఎర్ర బిళ్ళల వరస మీదికి వెళ్ళాయి. ఆ పొద్దున అంటించినవే నూటికి పైన ఉన్నాయి.

"వెతుకుతాను," అంది. "ఉంటుందని మాట ఇవ్వలేను."

"మాట వద్దులెండి. వెతకండి చాలు."

ఆ వేసవి క్యాసెట్లు ఎనభై నాలుగు. నేలమాళిగలోకి ఒకసారి నీళ్ళొచ్చినప్పుడు వాటి మీద సిరా కరిగిపోయి పేర్లు నీలం మరకలయ్యాయి; మిగిలిన అచ్చు అంకెల్ని బట్టి ఏది ఏదో తెలియదు. ఒక్కొక్కటీ మెషీన్లో పెట్టి చూడాల్సిందే. పెట్టేముందు మెత్తటి గుడ్డతో టేపు వారలు తుడవాలి, లేకపోతే బూజు మెషీన్లో టేపు చదివే తలకి పట్టుకుంటుంది. ఆస్టా ఒకటి తుడిచింది, పెట్టింది, వేగంగా తిప్పింది. చెట్లు వణికాయి, మబ్బులు పరిగెత్తాయి, ఒక కొంగ నీళ్ళలో కర్రలా నిలబడి మాయమైంది. మనిషి లేడు. తీసింది, ఇంకొకటి పెట్టింది. సాయంత్రానికి పందొమ్మిది అయ్యాయి. మెడ పట్టేసింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు ట్రామ్‌లో కిటికీ పక్కన కూర్చుంది. నల్లరొట్టె, ఉప్పుచేప కొనుక్కుంది. ఎస్తోనియా వాళ్ళ దుకాణంలో కౌంటరు దగ్గర కొత్తగా చేరిన పిల్లకి ఆ భాష రాదు. ఆస్టా ఇంగ్లీషులోనే అడిగి తెచ్చుకుంది. అన్న పోయాక సొంత భాషలో ఆమెని తిట్టేవాళ్ళు కూడా లేరు. ప్లేటు ఒళ్ళో పెట్టుకుని టీవీ వేసింది. స్టిల్‌వాటర్‌లో మంచు కురుస్తోంది. ఆ మంచుకి చప్పుడు తనే అతికింది. బియ్యప్పిండి సంచీని వేళ్ళతో నొక్కి చేసిన చప్పుడు అది. ముగించి ప్లేటు కడుక్కుని పడుకుంది.

మంగళవారం ఎమిల్ ప్రూకి ఫోన్ చేసింది. ఆ సరస్సు తీసిన కెమెరామన్ అతనే. ఇప్పుడు ఒట్టావా నది పక్కన పడవలు బాగుచేసుకుంటున్నాడు.

"ఆస్టా! ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు."

"మనవాళ్ళు ఫోన్ చేస్తే ఎవరో ఒకరు పోయినట్టే. నువ్వింకా ఆ గుహలోనే ఉన్నావా?"

ఆమె విషయం చెప్పింది. వెనక ఎవరో చెక్క చిత్రిక పడుతున్న చప్పుడు ఆగింది.

"ఆ పెద్దావిడ... పోయిందా? అయ్యో. తీశాను, ఎందుకు తియ్యలేదూ. వాన వెలిసిన మర్నాడు. వెలుతురు ఎంత బాగుందో తెలుసా, అట్లాంటి వెలుతురు మళ్ళీ దొరకలేదు నాకు. ఆవిడేమో రేవులో కూర్చుని చేపలు కోస్తోంది. లేస్తుందేమోనని నిలబడ్డాను, నిలబడ్డాను. లేవదే! లెమ్మని చెప్పడానికి నోరు రాలేదు. రేవు ఆవిడది కదా. చివరికి కెమెరా తిరగనిచ్చాను. లేచిన మరుక్షణం ఖాళీ ఒడ్డు దొరుకుతుందని."

"లేచిందా?"

"లేచింది. ఖాళీ ఒడ్డు దొరికింది. నువ్వు వాడావుగా, మొదటి రోజు నించీ వేస్తున్నదదే."

"ఆవిడ పేరేంటో గుర్తుందా, ఎమిల్?"

"పేరా... అమ్మమ్మా అని పిలిచేవాళ్ళం. ఆరు రోజులు ఆవిడ చేతి రొట్టే తిన్నాం." గొంతు సవరించుకున్నాడు. "అడిగే ఉంటాను. అడక్కుండా ఎలా ఉంటాను?"

వాన వెలిసిన మర్నాడు అనేది తెలిశాక పాత చీటీల ఫైలు వెతికితే సరిపోతుందని ఆస్టాకి తట్టింది. ఏ క్యాసెట్టులో ఎన్నో నిమిషం దగ్గర ఏముందో రాసిపెట్టుకునే చీటీలు అవి. ఆ ఫైలు బొగ్గు గది పక్కన అలమరలో దొరికింది. వేలితో వరసలు చూసుకుంటూ వెళ్ళింది. వాన. వాన. పొగమంచు. తర్వాత కాగితం మీద వేలు ఆగిపోయింది.

క్యాసెట్ 61. నాలుగో నిమిషం నుంచి పదిహేనో నిమిషం దాకా: ఒడ్డున మనిషి. పనికిరాదు.

రాత గుండ్రంగా, పొందికగా ఉంది. 'పనికిరాదు' కింద స్కేలు పెట్టి గీసిన గీత ఉంది. ఆ గీతా తనదే, ఆ రాతా తనదే. ఆ పదకొండు నిమిషాలు ఒకసారి పూర్తిగా చూసి ఉండాలి తను. చూడకుండా రాయదు. ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. పెద్దమనిషి నియమం, ఎమిల్ ఓపిక, ఇవన్నీ గుర్తున్నాయి. ఆవిడ గుర్తు లేదు.

అరవై ఒకటో క్యాసెట్ కోసం ఎర్ర బిళ్ళల వరసల్లో మోకాళ్ళ మీద కూర్చుని వెతికింది. మూడో తోపుడుబండిలో దొరికింది. సోమవారం పొద్దున, ఫోను రాకముందు, తనే బిళ్ళ అంటించి అందులో పెట్టింది.

బుధవారం పొద్దున చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ క్యాసెట్ వేసింది.

మూడు నిమిషాలు నీళ్ళు. తర్వాత కెమెరా పక్కకి జరిగింది. ఎర్ర రుమాలు తలకి కట్టుకున్న ఒక పొట్టి మనిషి బోర్లించిన పడవ మీద పలక పెట్టుకుని చేప కోస్తోంది. చేప తోకని బొటనవేలితో నొక్కిపట్టి, కత్తిని ముల్లు వెంబడే ఒక్క లాగుడు. తిప్పి ఇంకొక లాగుడు. రెండు ముక్కలూ పక్కన ఆనించిన కొమ్మ మీద వేలాడేసి, తల నీళ్ళలోకి విసిరేస్తే గాలిలోనే గద్ద జాతి పక్షేదో అందుకుపోయింది. ఆవిడ ఆ పక్షిని ఏదో అంది. పక్షులతో మాట్లాడే అలవాటున్న మనిషి గొంతది. మళ్ళీ చేప. మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. చేతులకి తీరిక లేదు.

పదకొండో నిమిషంలో ఆవిడ తలెత్తి సూటిగా కెమెరా వైపు చూసింది. చెయ్యి వెనక్కి తిప్పి, మణికట్టుతో నుదురు తుడుచుకుని, నిదానంగా ఒక పొడుగాటి మాట చెప్పింది. ఇంగ్లీషు కాదు. తర్వాత తనలో తనే నవ్వుకుంది. ఒక పై పన్ను లేదు. కాసేపటికి మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, కొమ్మ భుజాన వేసుకుని బొమ్మలోంచి వెళ్ళిపోయింది. ఆపైన ఖాళీ ఒడ్డు, బంగారు వెలుతురు. దేశంలో సగం మంది డాక్టర్ల గదుల్లో చూసిన వెలుతురు అదే.

ఆస్టా వెనక్కి తిప్పి ఆ మాట మళ్ళీ విన్నది. మళ్ళీ తిప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఎక్కడ ఊపిరి తీసుకుందో, ఏ మాట మీద నవ్వు మొదలైందో, మధ్యాహ్నానికి ఆమెకి కంఠతా వచ్చేసింది.

కాపీ ఇవ్వాలంటే పైన అనుమతి కావాలి. కంప్యూటర్లోకి ఎక్కించి, మూడో అంతస్తులో డెనీస్ హార్కట్ గదికి వెళ్ళింది. కార్యక్రమాలన్నిటికీ పెద్ద డెనీస్. నలభై లోపు మనిషి, ఎప్పుడూ నిలబడే పనిచేస్తుంది. పదకొండు నిమిషాలూ నిలబడే చూసింది. అయ్యేసరికి ఆమె కళ్ళు తడిశాయి.

"ఆస్టా, ఇదెక్కడ దాచారు ఇన్నాళ్ళూ?"

"దాచలేదు. పారెయ్యబోయాను."

"ఇదే మన చరిత్ర అంటే! మిగతాదంతా మనల్ని మనం పొగుడుకోవడమే కదా. ఈవిడ్ని తీసేశాం, ఇప్పుడు తిరిగి తెస్తున్నాం. కార్యక్రమం దీంతోనే ముగిద్దాం. ఆవిడ కూతుర్ని పిలిపించండి. రానూపోనూ టికెట్ మనమే ఇద్దాం." కళ్ళు తుడుచుకుని నవ్వింది. "ఆ ఎర్ర బిళ్ళ పీకేసి పచ్చది వెయ్యండి ముందు."

మెట్లు దిగుతుంటే ఆస్టాకి ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది. తను కోసింది తనే అతుకుతుంది. దేశమంతా చూస్తుంది. పేరు కూడా వేస్తారు, పెద్ద అక్షరాలతో. ఆ సాయంత్రం యూనిస్‌కి ఫోన్ చేసి, దొరికిందని చెప్పింది. అవతల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు, కుళాయి చప్పుడు. తర్వాత, "శుక్రవారం బడికి సెలవు పెడతాను," అంది యూనిస్. టికెట్ సంగతి చెబితే, "నా బస్సు నేనెక్కగలను," అంది.

శుక్రవారం ఆమె పదిన్నరకి వచ్చింది. యాభై దాటిన మనిషి. ఉబ్బెత్తు కోటు, చేతిలో ప్లాస్టిక్ సంచీ. నేలమాళిగ మెట్లు పక్కకి తిరిగి ఒక్కొక్కటే దిగింది. ఆస్టా రెండు కుర్చీలు వేసి ఉంచింది. ఆ చీటీని మాత్రం పొద్దున్నే ఫైల్లోంచి తీసి, మడిచి, సొరుగులో పడేసింది.

బొమ్మ మొదలైంది. యూనిస్ ముందుకి వంగింది. చేప తోక మీద బొటనవేలు పడగానే, "ఆఁ," అంది. అంతే. ఆవిడ కెమెరా వైపు చూసి మాట్లాడినప్పుడు మాత్రం యూనిస్ ఒక్కసారిగా పైకే నవ్వింది, పక్కనున్న మనిషిని మరిచిపోయి. నవ్వు మధ్యలోనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తల్లి చెయ్యి ఎలా ఉండేదో ఆస్టాకి అప్పుడు తెలిసింది.

ఖాళీ ఒడ్డు వచ్చాక ఆస్టా ఆపింది.

"ఇన్ని క్యాసెట్లలో ఎలా పట్టుకున్నారు?" అడిగింది యూనిస్, మొహం తుడుచుకుంటూ.

వెతికాను అంటే సరిపోయేది. ఆస్టా కాసేపు మెషీన్ మీటలు చూస్తూ కూర్చుంది. తర్వాత సొరుగు లాగి, చీటీ తీసి, మడత విప్పి ఇచ్చింది.

యూనిస్ చదివింది. మళ్ళీ చదివింది. కింద గీత మీద వేలు పెట్టింది.

"ఇది ఎవరి రాత?"

"నాది."

"ముత్యాల్లా ఉంది," అంది యూనిస్. చీటీ తిరిగి బల్ల మీద పెట్టేసింది.

అంతలో డెనీస్ దిగి వచ్చింది, చేతిలో ఒక కాగితం, రెండు కాఫీ కప్పులతో. యూనిస్ చేతులు రెండూ పట్టుకుంది. ఆమె మాటల్లో కల్లాకపటం ఏమీ లేదు. అందుకే వినడానికి ఇంకా కష్టంగా ఉంది.

"మీ అమ్మగారు అద్భుతం. మేం చేసింది తప్పు, అది మేం తెర మీదే ఒప్పుకోవాలనుకుంటున్నాం. మీరు ఇక్కడ సంతకం పెడితే, కార్యక్రమం చివర ఆవిడే ఉంటారు."

యూనిస్ కాగితం వైపు చూడలేదు. "చివర అంటే?"

"మొత్తం ఆవిడతోనే ముగుస్తుంది."

"ఆ తర్వాత?"

"తర్వాతా? పేర్లు పడతాయి."

"అది కాదమ్మా. ఆవిడ మీకు అప్పుడు పనికిరాలేదు. బాగానే ఉంది, మీ ఛానల్ మీ ఇష్టం. మరి ఇప్పుడెందుకు పనికొచ్చింది?"

"కాలం మారింది కదా," అంది డెనీస్ మెత్తగా.

"మీకు మారింది. ఆవిడ పోయింది." యూనిస్ గొంతు పెరగలేదు. "నేను మా తమ్ముళ్ళకి చూపించడానికి వచ్చాను. మా అమ్మని చూసి మా వాళ్ళు ఏడవాలి, నవ్వాలి. పళ్ళు పీకించుకోవడానికి కూర్చున్నవాళ్ళు ఆవిడ్ని చూసి, అయ్యో పాపం అనుకుని చేతిలో పత్రిక పేజీ తిప్పుకోవడానికి కాదు. వద్దు. వెయ్యకండి."

డెనీస్ ఆస్టా వైపు చూసింది, ఒక మాట సాయం చెయ్యమన్నట్టు. ఆస్టా బల్ల మీది చీటీని మళ్ళీ మడిచింది. బుధవారం నించీ తనలో ఊరుతున్న సంతోషం ఎవరిదో, ఎవరి కోసమో ఆమెకి అప్పుడే మొదటిసారి సందేహం వచ్చింది.

"సంతకం లేకుండా కాపీ ఇవ్వడానికి మా నిబంధనలు ఒప్పుకోవు," అంది డెనీస్ చివరికి. "క్యాసెట్ సంస్థది. నాకూ ఇబ్బందిగానే ఉంది. మీరు ఆలోచించుకోండి, తొందరేం లేదు. నాకో సమావేశం ఉంది, రెండింటికి మళ్ళీ వస్తాను."

"నా బస్సు ఒకటిన్నరకి," అంది యూనిస్.

డెనీస్ వెళ్ళిపోయాక కాఫీ కప్పులు మూతలతో అలాగే ఉండిపోయాయి. యూనిస్ కోటు తొడుక్కుని గుండీలు పెట్టుకోసాగింది. మధ్యలో ఆగి, "ఇంకొక్కసారి వేస్తారా?" అంది. "చేతులు వచ్చే దగ్గర్నించి చాలు."

ఆస్టా వేసింది. తను మాత్రం తెర వైపు చూడలేదు, కుర్చీ పక్కకి తిప్పుకుని కూర్చుంది. అయిపోయాక లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళింది. డెనీస్‌కి చూపించడానికి ఎక్కించిన బొమ్మ అక్కడ ఉంది, నీళ్ళకీ ఖాళీ ఒడ్డుకీ మధ్య. ఆ పదకొండు నిమిషాల మొదట ఒక గుర్తు, చివర ఒక గుర్తు పెట్టింది. ఆమె వేళ్ళకి అది కొట్టిన పిండి. నిజంగా తీసెయ్యాలా అని యంత్రం అడిగింది. తీసెయ్యమంది. రెండు కొసలూ దగ్గరికి జరిగి అతుక్కున్నాయి.

తర్వాత మెషీన్లోంచి క్యాసెట్ తీసింది. పచ్చ బిళ్ళ ఇంకా వెయ్యలేదు.

"దీని మీద ఎర్ర బిళ్ళ ఉంది," అంది. "ఎర్రవి ఇవ్వాళ ఎలాగూ బయటికి పోయేవే. పారేసేవాటి జాబితా మీద డెనీస్ మంగళవారమే సంతకం పెట్టింది. సడ్‌బరీలో కాలేజీ వాళ్ళ దగ్గర ఈ మెషీన్ ఒకటి ఉంది, మీరు వస్తారని ఫోన్ చేసి చెబుతాను. ఇంక ఇక్కడ ఏమీ లేదు. కావాలంటే వెతుక్కోనివ్వండి."

యూనిస్ క్యాసెట్ వైపు చూసింది, ఆస్టా వైపు చూసింది. "మీ మీదికి మాట రాదా?"

"వస్తుంది."

"మరి?"

"మీ బస్సుకి టైమవుతోంది," అంది ఆస్టా.

ఇద్దరూ ట్రామ్ ఎక్కారు. యూనిస్ ఆ క్యాసెట్‌ని ప్లాస్టిక్ సంచీలో పెట్టి, సంచీని కోటు లోపల పెట్టుకుని, పైన రెండు చేతులూ వేసుకుని కూర్చుంది. బే వీధి బస్ స్టేషన్ దగ్గర దిగారు. అక్టోబరు గాలికి చెత్త కాగితాలు కాళ్ళకి చుట్టుకుంటున్నాయి. సడ్‌బరీ బస్సు ముందు వరస కట్టి ఉంది. వరసలో నిలబడ్డాక యూనిస్ హఠాత్తుగా అడిగింది:

"ఆ సరస్సు మీరెప్పుడైనా చూశారా?"

"లేదు. ఏదీ చూడలేదు. నేను ఈ ఊరు దాటింది తక్కువ."

"పదేళ్ళు అవి కోస్తూ?"

"ఆఁ."

యూనిస్ తల ఊపింది. జాలి పడ్డట్టు లేదు, ఎత్తిపొడిచినట్టూ లేదు. ఒక లెక్క సరిచూసుకున్నట్టు ఉంది. వరస కదిలింది. మెట్టు మీద ఒక కాలు పెట్టి, వెనక్కి తిరిగింది.

"ఆవిడ కెమెరా వైపు చూసి ఒక మాట అంది కదా. అడుగుతారేమోనని పొద్దున్నించీ చూస్తున్నా. అడగలేదు మీరు."

"అది మీది కదా," అంది ఆస్టా.

వెనకున్నాయన గొంతు సవరించుకున్నాడు. యూనిస్ అతని వైపు కళ్ళురిమి, ఆస్టా వైపు వంగింది.

"ఏమందంటే, 'ఈ పిల్లాడు పొద్దున్నించీ నిలబడి నా చేపల్నే చూస్తున్నాడు. ఆకలేస్తోంది కాబోలు, పాపం. అడగడానికి సిగ్గు. ఇంకో రెండు కోస్తే వీడికీ సరిపోతాయి,' అంది." యూనిస్ పెదవులు వంకర తిరిగాయి. నవ్వో ఏడుపో తెలియలేదు. "అందుకే అంతసేపు లేవలేదు ఆవిడ."

తలుపు మూసుకుంది. నల్ల అద్దాల వెనక ఆమె ఏ సీటులో కూర్చుందో కనబడలేదు. బస్సు మలుపు తిరిగేదాకా ఆస్టా అక్కడే నిలబడి ఉంది. ఆ తర్వాత కూడా నిలబడింది. పక్క బస్సు వాడు, "ఎక్కుతారా?" అని అడిగేసరికి, లేదని చెప్పి కదిలింది. ట్రామ్ ఎక్కబుద్ధి కాలేదు. చుట్టుదారిన నడుచుకుంటూ వచ్చేసరికి నాలుగు దాటింది.

నేలమాళిగలో డెనీస్ నిలబడి ఉంది. వెనకవైపు తలుపు తెరిచి ఉంది. లారీవాళ్ళు మూడో బండిని పైకి తోస్తున్నారు. కంప్యూటర్ తెర మీద నీళ్ళు, వాటి పక్కనే ఖాళీ ఒడ్డు.

"ఎక్కడుంది అది?" అంది డెనీస్.

"ఇచ్చేశాను."

"కాపీ?"

"తీసేశాను."

డెనీస్ మొహం ఎర్రబడింది. కోపం కంటే దెబ్బ తగిలినట్టు ఎక్కువ ఉంది. "ఆస్టా, నేను ఆవిడకి మంచే చెయ్యాలనుకున్నాను. మీకు తెలుసు కదా."

"తెలుసు. నేనూ అదే అనుకున్నాను."

లారీవాడు వచ్చి సంతకం అడిగాడు. డెనీస్ చూడకుండానే పెట్టింది. అతను వెళ్ళాక కుర్చీలో కూర్చుంది. ఆమె కూర్చోవడం ఆస్టా ఎప్పుడూ చూడలేదు.

"దీన్ని పైవాళ్ళకి చెప్పకుండా ఉండలేను. మీ ఉద్యోగం ఇంకో రెండు నెలలే కాబట్టి, ఇంటి దగ్గరే ఉండండి అంటారేమో. సోమవారం చెబుతాను. కానీ మీ ఇంటర్వ్యూ... అది కార్యక్రమంలో ఉంచడం కుదరదు. అర్థమవుతోంది కదా?"

"అవుతోంది." ఆస్టా బల్ల మీద బిళ్ళల చుట్టలు రెండూ తీసి సొరుగులో పెట్టింది. "నేను మాట్లాడేది మూడో నిమిషం దగ్గర మొదలవుతుంది. దానికి ముందు వంతెన కింద నీళ్ళున్నాయి. ఆ నీళ్ళ చప్పుడుని ఇంకో నాలుగు క్షణాలు సాగదియ్యండి, నన్ను తీసేసినట్టు తెలియదు. వెంటనే కోస్తే బొమ్మ ఎగిరినట్టు కనబడుతుంది."

లారీ తలుపులు మూసిన చప్పుడు వచ్చింది. ఖాళీ అరల్లో ఆ చప్పుడు ఒక చుట్టు తిరిగింది.

"పోనీ ఒకటి చెప్పండి," అంది డెనీస్. "ఆవిడ మన వైపు చూసి ఏదో అంటుంది కదా. బుధవారం నించీ నా చెవిలోనే ఉంది. అదేంటో ఆవిడ కూతురు చెప్పిందా మీకు?"

"చెప్పింది," అంది ఆస్టా.

డెనీస్ ఎదురుచూసింది.

ఆస్టా కోటు తొడుక్కుంది, మెడ చుట్టూ గుడ్డ కట్టుకుంది. బల్ల మీది దీపం ఆర్పి, మెట్లెక్కి బయటికి వచ్చింది. ఇంకా వెలుతురు ఉంది.